అన్ని రంగులకూ సరిపోతుందనే టచప్ కిట్ కొనేముందు ఇది చదవండి

కారు మీద పడ్డ గీతలకు ఇంట్లోనే రంగు వేసుకుందామని ఆన్‌లైన్‌లో టచప్ కిట్ కోసం వెతుకుతున్నారా? "ఏ రంగు కారుకైనా పనికొస్తుంది", "ఒక్క పూతతో గీత మాయం", "పాత పెయింటుకు ఏ హానీ జరగదు" అని మూడు మాటలూ ఒకేచోట రాసి అమ్ముతున్న కిట్ కనిపిస్తే దయచేసి కొనకండి. అలాంటిదే నేను తెప్పించుకున్నాను. డోర్ మీద వేలెడు గీత ఉండేది. ఇప్పుడు ఆ డోర్ మొత్తానికి కొత్తగా పెయింట్ వేయించాల్సి వచ్చింది.

పెట్టెలో వచ్చినవి ఇవీ: రంగు నింపిన ఒక పెన్, క్లియర్ కోట్ అని రాసి ఉన్న ఇంకో పెన్, నంబరు లేని రెండు ఎమరీ పేపరు ముక్కలు, "క్లీనర్" అనే చిన్న సీసా, ఒక కాగితం. రంగు పెన్ మీద "సిల్వర్" అని తప్ప ఇంకేమీ లేదు. కలర్ కోడ్ లేదు, ఎప్పుడు తయారైందో లేదు, లోపల ఏ రసాయనం ఉందో లేదు. క్లీనర్ సీసాదీ అదే పరిస్థితి. ఆ కాగితంలో ఎలా రాశారో అలాగే, వరుస తప్పకుండా చేశాను. ముందు వాళ్ళిచ్చిన ఎమరీ పేపరుతో గీత మీద రుద్దమన్నారు, తర్వాత క్లీనర్‌తో తుడిచి రంగు వేసి, అది ఆరాక క్లియర్ వేయమన్నారు.

క్లీనర్‌తో తుడిచిన చోటే పెయింట్ మెత్తబడి గుడ్డకు అంటుకుంది. మూత తీయగానే వచ్చిన వాసన థిన్నర్‌దే. ఆ పైన వేసిన రంగు తడిగా ఉన్నప్పుడు కాస్త దగ్గరగానే కనిపించినా, ఆరేసరికి చుట్టూ ఉన్న సిల్వర్ కంటే బాగా ముదిరిపోయింది. ఎమరీ పేపరు తగిలిన మేర అరచేయంత మచ్చ మెరుపు పోయి పాలిపోయింది. ఒకప్పుడు గీత తప్ప ఏమీ లేని చోట మూడు రకాల మచ్చలు తేలాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే తర్వాత ఏ కిట్‌ను చూసినా మీరే తేల్చుకోగలరు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఇప్పటి కార్లకు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలుంటాయి. అట్టడుగున తుప్పు పట్టకుండా విద్యుత్తుతో అంటించే పూత ఉంటుంది. దాని మీద ప్రైమర్, ఆపైన అసలు రంగున్న బేస్ కోట్, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్. ఫ్యాక్టరీ పెయింట్ మందం అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యే. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, మనం రుద్దుతున్నది ఎంత పల్చటి పొరో అర్థమవుతుంది. గరుకు నంబరు తెలియని ఎమరీ పేపరును చేతికిచ్చి రుద్దమనడం దారుణం. క్లియర్ కోట్‌ను నునుపు చేయడానికి పెయింటర్లు 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపరును నీళ్ళతో తడుపుతూ వాడతారు. అదీ చాలా తేలిగ్గా. నాకొచ్చిన ముక్కలను పెయింటర్‌కు చూపిస్తే ఇవి పుట్టీ రుద్దడానికి వాడే రకమని వేలితో తడిమి చెప్పేశాడు.

ఇక వీడియోల సంగతి. అమ్మేవాళ్ళ వీడియోలో పెన్‌తో ఒక్కసారి గీయగానే గీత కనబడకుండా పోతుంది. దాన్ని చూసే చాలామంది కొంటున్నారు. అందులో కెమెరా మాయ కూడా అక్కర్లేదు. క్లియర్ కోట్ వరకే పడ్డ గీత తెల్లగా కనబడటానికి కారణం గరుకు అంచుల మీద వెలుతురు చెదరడమే. ఆ సందులో ఏ ద్రవం నిండినా వెలుతురు చెదరడం తగ్గి గీత మాయమైనట్టు కనిపిస్తుంది. నూనె రాసినా అంతే, మామూలు నీళ్ళు చల్లినా అంతే. మీ కారు మీదే చూడండి. గీత మీద నీళ్ళు పోస్తే కనబడకుండా పోయి, ఆరగానే తిరిగి వచ్చిందంటే అది క్లియర్ కోట్ దాటలేదన్నమాట. దానికి రంగుతో పనే లేదు, మంచి పాలిషింగ్ కాంపౌండ్‌తో చాలావరకు పోతుంది. నీళ్ళు పోసినా గీత అలాగే కనిపిస్తుంటే, గోరు అడ్డంగా లాగినప్పుడు గోరు పట్టుకుంటుంటే అది లోతు గీత. అప్పుడు రంగు కావాలి. వీడియోలో చూపించేవి దాదాపు ఎప్పుడూ మొదటి రకం గీతలే. మనం కొనేది మాత్రం రెండో రకం కోసం.

గీతలు తుడిచేస్తుందని అమ్మే "నానో" గుడ్డలదీ ఇదే కథ. వాటిలో ఉండేది కొంచెం నూనె, కొంచెం సన్నటి పాలిష్ పొడి. నూనె వల్ల గీత దాగుతుంది, రెండు మూడుసార్లు షాంపూతో కడిగితే బయటపడుతుంది.

రంగు దగ్గరకు వద్దాం. "సిల్వర్" అనేది ఒక రంగు కాదు. ఒక్క కంపెనీవే ఎన్నో సిల్వర్లుంటాయి, ఒక్కోదానికీ ఒక్కో కోడ్. ఆ కోడ్ కారు మీదే ఉంటుంది. కంపెనీని బట్టి డ్రైవర్ డోర్ తెరిచినప్పుడు కనబడే స్తంభం మీద స్టిక్కర్‌లోనో, బానెట్ కింద ప్లేటు మీదో, స్పేర్ టైరు గుంటలోనో వెతకాలి. దొరక్కపోతే ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవచ్చు. అయితే కోడ్ కలిసినంత మాత్రాన షేడ్ కలుస్తుందనే హామీ లేదు. ఒకే కోడ్‌లో కూడా తయారైన బ్యాచ్‌ను బట్టి కాస్త తేడా వస్తుంది, ఎండకు ఏళ్ళ తరబడి నిలిచిన పెయింట్ వెలిసి ఉంటుంది. అందుకే మంచి పెయింట్ షాపుల్లో కారు మీద యంత్రం పెట్టి రంగును కొలిచి, దానికి తగ్గట్టు కలుపుతారు. కోడ్ కూడా అడగకుండా అమ్మేవాడు రంగు కలుస్తుందని ఎలా చెప్తాడు?

మెటాలిక్, పెర్ల్ రంగులైతే ఇంకో చిక్కు. వాటిలో సన్నటి అల్యూమినియం రేకులో, మైకా పలుకులో ఉంటాయి. ఫ్యాక్టరీలో గన్‌తో చల్లినప్పుడు అవి చాలావరకు పరుచుకుని పడతాయి. బ్రష్‌తోనో పెన్‌తోనో పూస్తే ఎటుపడితే అటు తిరిగి నిలబడతాయి. అందుకే సరైన కోడ్‌తో తెప్పించిన రంగు కూడా పెన్‌తో వేస్తే ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో తెల్లగా కనిపిస్తుంది. రాయి తగిలి లేచిన చిన్న చుక్కల మీద ఇది అంతగా తెలియదు. పొడవు గీత మీద దాగదు. ప్లెయిన్ తెలుపు, నలుపు, ఎరుపు కార్లవాళ్ళకు ఈ బాధ చాలా తక్కువ. ముత్యపు తెలుపు రంగుల్లో కొన్ని మూడు పొరలుగా వేసేవి. వాటికి ఒకే సీసా రంగు అమ్ముతున్నారంటే అది కలవదు.

నా విషయంలో ఎక్కువ నష్టం చేసింది క్లీనర్. "అన్ని పెయింట్లకూ సురక్షితం" అని పెట్టె మీదే ఉంది. ఫ్యాక్టరీలో కాల్చి గట్టిపరిచిన క్లియర్ కోట్ థిన్నర్‌ను కొంతసేపు తట్టుకుంటుంది. ఎప్పుడో బయట రీపెయింట్ చేసిన ప్యానెల్, అందులోనూ హార్డెనర్ (పెయింట్‌ను గట్టిపరిచే ద్రవం) కలపని పాతకాలపు పెయింట్ అయితే తట్టుకోదు, కరిగిపోతుంది. మా డోర్ పాత యజమాని కాలంలో ఒకసారి రీపెయింట్ అయిందని మందం కొలిచే మీటరు పెట్టినప్పుడు బయటపడింది. సెకండ్ హ్యాండ్ కార్లున్నవాళ్ళు ఈ మాట తప్పక గుర్తుంచుకోండి. ఏ ద్రవాన్నైనా ముందు బయటికి కనబడని చోట, డోర్ లోపలి అంచు మీద, తెల్లటి గుడ్డతో కొంచెం రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటినా, పెయింట్ జిగురుగా అనిపించినా ఆ సీసాను అక్కడితో మూసేయండి. జిడ్డు తీయడానికి మామూలుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్ళు కలిపి వాడితే సరిపోతుంది, థిన్నర్‌తో పని లేదు.

పెచ్చులుగా లేస్తున్న పెయింటుకు కూడా ఇదే కిట్ పనికొస్తుందని రాస్తున్నారు. ఇది పచ్చి అబద్ధం. బానెట్ మీద, పైకప్పు మీద తెల్లగా పొరలు లేవడమంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు క్లియర్ కోట్ కింది రంగు నుంచి పట్టు వదిలేసిందని అర్థం. ఊడిన చోట కొత్త క్లియర్ పూస్తే దాని అంచు పక్కనే ఉన్న వదులు పొర మీద కూర్చుంటుంది. ఆ పొర లేచినప్పుడు కొత్త పూతనూ వెంట తీసుకుపోతుంది. పైగా కొత్త పూతలోని ద్రావకం అంచుల కిందికి దిగి ముడతలు తెస్తుంది. వదులుగా ఉన్నదంతా రుద్ది తీసి ప్యానెల్ మొత్తానికి వేస్తేనే నిలుస్తుంది. పెయింట్ కింద బుడగలుంటే అది చాలావరకు తుప్పే. దాని మీద ఏ పెన్ గీసినా లోపల తినడం ఆగదు.

అదే దుకాణంవాళ్ళు కిట్‌తోపాటు హార్డెనర్ ఉన్న స్ప్రే డబ్బా కూడా అంటగడుతున్నారు. డబ్బా అడుగున బటన్ నొక్కి లోపలి హార్డెనర్‌ను కలిపి వాడే రకం. "గ్యారేజీలో హాయిగా వాడుకోవచ్చు" అని ప్రకటన. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే. ఆ హార్డెనర్లలో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటిని పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత ఇసుమంత తగిలినా ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేవు. పెయింట్ వేయడానికే కట్టిన ప్రత్యేక గదుల్లో బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కులు పెట్టుకుని చేసే పని అది. పిల్లలు తిరిగే ఇంట్లో, మూసిన గదిలో చేయమని చెప్పేవాళ్ళను ఏమనాలో నాకు తెలియడం లేదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ఊపిరితిత్తులతో ఆటలు వద్దు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కొత్త కార్లలో బంపర్ వెనక రాడార్ సెన్సార్లు ఉండొచ్చు. వాటి ముందు పెయింట్ మందం పెరిగినా, మెటాలిక్ పూత మీద పూత పడినా సెన్సార్ సరిగ్గా చూడలేకపోవచ్చు. మీ కారుకు అవి ఉంటే యజమాని పుస్తకంలో ఆ భాగం చదవకుండా బంపర్‌కు ఏమీ పూయకండి.

అమ్మినవాళ్ళకు ఫొటోలతో సహా రాశాను. "మీ కారు పెయింట్ నాణ్యత బాగోలేదు" అన్నారు. పెట్టె మీద వాళ్ళే రాసిన హామీ ఫొటో పంపాక జవాబు ఆగిపోయింది. తెరిచిన రంగు సీసాను వాపసు తీసుకోబోమని వాళ్ళ షరతుల్లో ఉందట. కాబట్టి మీ దగ్గర ఈ రకం కిట్ సీలు తీయకుండా ఉంటే ఇప్పుడే వెనక్కి పంపేయండి. ఇకముందు ఏ కిట్ కొన్నా తెరిచేముందు పెట్టె నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి. ఉత్పత్తి పేజీలో వాళ్ళిచ్చిన హామీలను కూడా స్క్రీన్‌షాట్ తీయండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక ఆ పేజీలో మాటలు మారిపోయాయి.

టచప్ చేసుకోవడమే తప్పని నేననడం లేదు. కోడ్ అడిగి రంగు కలిపిచ్చేవాళ్ళ దగ్గర, తయారీ తేదీ, రసాయనాల వివరాలు ఉన్న సీసా కొని, ముందు తెల్ల అట్ట మీద పూసి, పూర్తిగా ఆరనిచ్చి, మెటాలిక్ అయితే దాని మీద క్లియర్ కూడా వేసి, పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూడండి. తృప్తిగా ఉంటేనే కారు మీదికి వెళ్ళండి. రాయి దెబ్బ చుక్కల మీద ఒకేసారి గుడ్డిగా నింపకుండా, పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత వేస్తే చక్కగా వస్తుంది, రేకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

ఈ కిట్ ఇప్పటికే వాడేసినవాళ్ళకు: రంగు ఇంకా తడిగా ఉంటే ఆల్కహాల్, నీళ్ళు కలిపి తడిపిన మెత్తటి గుడ్డతో గీత పొడవునా నెమ్మదిగా అద్ది తీయండి, అడ్డంగా రుద్దకండి. ఆరిపోయి ఉబ్బెత్తుగా నిలిచి ఉంటే థిన్నర్ జోలికి వెళ్ళొద్దు. ఫ్యాక్టరీ పెయింట్ అని ఖాయంగా తెలిస్తే గీతకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, 2000 వాటర్ పేపరును చిన్న గట్టి చెక్కముక్కకు చుట్టి, నీళ్ళతో తడుపుతూ ఉబ్బు మీద మాత్రమే రుద్దండి. టేపు ఎత్తుకు దిగగానే ఆపి కాంపౌండ్‌తో మెరుగు పెట్టండి. ప్యానెల్ ఎప్పుడైనా రీపెయింట్ అయిందన్న అనుమానం ఉంటే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా అలాగే పెయింటర్‌కు చూపించండి. క్లీనర్ సీసాను కూడా వెంట తీసుకెళ్తే ఏం పూశారో వాళ్ళు వాసన బట్టే చెప్పగలరు.