టీపీ-లింక్ ఎస్‌జీ108ఈ: చిన్న ఆఫీసుకు సరిపోయే స్విచ్చే, కానీ పీవీఐడీ సెట్టింగ్ మరవకండి

కంప్యూటర్లు, కెమెరాల వంటివాటిని కేబుళ్లతో ఒకే నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె ఇది. ఎనిమిది గిగాబిట్ (సెకనుకు 1 జీబీ వేగం, అంటే 1 జీబీపీఎస్) పోర్టులు, ఇనుప డబ్బా, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడూ లేదు. స్విచింగ్ సామర్థ్యం 16 జీబీపీఎస్. అంటే ఎనిమిది పోర్టులూ రెండు వైపులా పూర్తి వేగంతో నడిచినా లోపల ఇరుకు ఉండదు.

ఫ్రేమ్ (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క) రాగానే పంపిన పరికరం మ్యాక్ చిరునామాను (పరికరాన్ని గుర్తించే సంఖ్యను), అది వచ్చిన పోర్టును పట్టికలో రాసుకుంటుంది. గమ్యం పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ వదులుతుంది. అందుకే ఒక మూల సీసీటీవీ రికార్డింగ్ సాగుతున్నా పక్క కంప్యూటర్ల మీద ఆ భారం పడదు.

అసలు డబ్బు పెట్టేది వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టే పద్ధతి) కోసమే. కెమెరాలను వీల్యాన్ 20లో వేరు చేయాలంటే ముందు 802.1క్యూ (ఫ్రేమ్‌లకు వీల్యాన్ నంబర్ తగిలించే ప్రమాణం) ఆన్ చేయాలి. కెమెరా పోర్టులను అన్‌ట్యాగ్డ్‌గా (ఆ నంబర్ లేకుండా), రౌటర్ వైపు పోర్టును ట్యాగ్డ్‌గా (నంబర్‌తో) చేర్చాలి. తర్వాత కెమెరా పోర్టుల పీవీఐడీని (నంబర్ లేకుండా వచ్చిన ఫ్రేమ్‌ను ఏ వీల్యాన్‌లో వేయాలో చెప్పే సంఖ్యను) విడిగా 20కి మార్చాలి. చాలామంది తప్పేది ఇక్కడే: పీవీఐడీ 1గానే ఉండిపోతే కెమెరా పంపే ఫ్రేములు పాత వీల్యాన్‌లోకే పోతాయి, "నెట్ రావట్లేదు" అని కేబుల్‌ను తిడతారు.

లోటు: పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ గుండానే కరెంటు ఇచ్చే సదుపాయం) లేదు, కెమెరాలకు కరెంటు వేరే ఇవ్వాలి. ఎస్‌టీపీ (అదనపు కేబుల్ దారిని ఆపి ఉంచి, మొదటిది తెగితే తెరిచే పద్ధతి) లేదు, లూప్ ప్రివెన్షన్‌తో (డేటా చుట్టూ తిరిగే లూప్‌ను అడ్డుకోవడంతో) సరిపెట్టుకోవాలి. రెండు స్విచ్‌ల మధ్య ఏ సెట్టింగూ చేయకుండా ఊరికే రెండు కేబుళ్లు వేసి ఒకటి బ్యాకప్ అనుకుంటే కుదరదు. పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి.