ఖాట్మండు: కూలిన ధరహరా, కొత్త ధరహరా

ఖాట్మండు వెళ్లే మనవాళ్లు ముందు చూసుకునేది పశుపతినాథ్ దర్శనం. 2015కి ముందు వెళ్లిన మాలాంటి వాళ్లకు ధరహరా కూడా అంతే గుర్తు. సుంధారా దగ్గర తెల్లటి గుండ్రటి బురుజు. తొమ్మిది అంతస్తులు, సుమారు 62 మీటర్లు. లోపల మెలికలు తిరిగే 213 మెట్లు. ఎంత ఇరుకంటే, దిగేవాళ్లు ఎదురైతే గోడకు ఆనుకుని నిలబడాలి. అమ్మ మోకాళ్లు పట్టుకుంటూనే ఎక్కింది. పై వసారాలోకి రాగానే చల్లగాలి, కింద టుండిఖేల్ మైదానం, అటు స్వయంభూ గుట్ట. "ఇంతదాకా వచ్చి ఇది చూడకపోతే ఎలారా" అంది అమ్మ.

అప్పటి నేపాల్ ప్రధాని భీమ్‌సేన్ థాపా హయాంలో కట్టిన ఆ బురుజు 1934 భూకంపంలో కూలితే మళ్లీ కట్టారు. 2015 ఏప్రిల్ 25న మళ్లీ కూలింది. ఆ రోజు శనివారం, నేపాల్‌లో వారాంతపు సెలవు. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా, సందర్శకులు లోపల ఉండగానే పడిపోయింది. మొదలు మాత్రం మిగిలింది. చాలామంది చనిపోయారు. టీవీలో ఆ దుమ్ము చూస్తుంటే నాకు ఆ మెట్లే కళ్లముందు తిరిగాయి. అక్కడ పరిగెత్తడానికి చోటెక్కడిది?

ఈమధ్య మళ్లీ వెళ్లాం. పక్కనే 2021లో ప్రారంభించిన కొత్త బురుజు ఉంది. ఇంకా ఎత్తు, కాంక్రీటు, లిఫ్టు. పెద్దవాళ్లకు సుఖమే, కాదనను. కానీ నేను ఎక్కువసేపు నిలబడింది పాతదాని మొండి దగ్గరే. నా మటుకు బసంతపూర్‌లోని పాత కర్ర మండపం, కాష్ఠమండపం ఎంతో నచ్చింది. అదీ ఆ భూకంపంలోనే నేలమట్టమైంది. దాన్ని మళ్లీ కర్రతో, పాత పద్ధతిలోనే నిలబెట్టారు. సమయం తక్కువుంటే ముందు అక్కడికే వెళ్లండి.

బస విషయం. మొదటిసారి పర్యాటకులు ఎక్కువగా దిగే థమేల్‌లో దిగాం. బజారు, తిండి అన్నీ దగ్గరే గానీ రాత్రి పాటల మోతకు నిద్ర ఉండదు. అప్పట్లో కరెంటు కోతలు కూడా. ఈసారి పశుపతినాథ్ గుడి దగ్గరి గౌశాల వైపు గది తీసుకున్నాం. గది మామూలుదే, వేడినీళ్లకు రెండుసార్లు అడగాలి. అయినా పొద్దున్నే నడిచి గుడికి వెళ్లొచ్చు, పెద్దవాళ్లతో వెళ్తే ఇదే మేలు. దాల్ భాత్ అన్నిచోట్లా దొరుకుతుంది, ఆవనూనె వాసన పడనివాళ్లు ముందే చెప్పాలి. థమేల్ నుంచి సుంధారాకు టాక్సీ వద్దు. అసన్, ఇంద్రచౌక్ మీదుగా నడవండి, దారంతా గుళ్లే.