“డైరెక్ట్ కంపెనీ లోడ్” అని డిపాజిట్ అడిగే మనిషితో జాగ్రత్త: రీఫర్ బండ్ల ఓనర్లందరికీ

మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వైపు రీఫర్ బండ్లు, అంటే సరుకును చల్లగా ఉంచే ఫ్రిజ్ లారీలు నడిపే అన్నలందరికీ. మన గ్రూపుల్లో రోజూ “బ్రోకర్ లేడు, కమీషన్ లేదు, డైరెక్ట్ కంపెనీ లోడ్” అని మెసేజ్ పెట్టే మనిషి మీకు తెలిసే ఉంటాడు. పేరు రాయడం లేదు, ఎవరో మీకే అర్థమవుతుంది. వాడి దగ్గర నా డిపాజిట్ 50,000, కిరాయి బ్యాలెన్స్ 86,000 ఇరుక్కుపోయాయి. నిన్న సాయంత్రం ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టి నంబర్ బ్లాక్ చేశాడు. ఇంకెవరూ వాడికి రూపాయి కూడా కట్టొద్దని ఇది రాస్తున్నాను.

నావి రెండు చిన్న బండ్లు. మన కష్టం మీకు కొత్తగా చెప్పేదేముంది? మామూలు లారీ ఆగితే డీజిల్ ఖర్చు ఆగుతుంది. మన బండి ఆగినా చల్లబరిచే యూనిట్ ఆగకూడదు. డాక్ దగ్గర లైన్లో ఉన్నా, డ్రైవర్ అన్నం తింటున్నా డీజిల్ తాగుతూనే ఉంటుంది. మధ్యలో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు తినగా మిగిలిన కిరాయి ఈఎంఐకి కూడా చాలదు. కంపెనీతో నేరుగా పని దొరుకుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ మీదే వీడు బతుకుతున్నాడు.

పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ అంతా తనే చూస్తానన్నాడు. బెంగళూరుకు 2 నుంచి 8 డిగ్రీల సరుకు రెగ్యులర్‌గా ఉంటుందన్నాడు. కంపెనీ రికార్డుల్లో మన పేరు ఎక్కే వెండర్ కోడ్ కోసం డిపాజిట్ కట్టించుకుని, కోడ్ వచ్చేలోపు లోడ్లు మొదలుపెట్టేద్దామన్నాడు. లోడ్లు నిజంగానే ఇచ్చాడు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. మొదట్లో అడ్వాన్స్ కూడా టైముకే పడింది. బ్యాలెన్స్ దగ్గరికి వచ్చేసరికి “పీఓడీ (సరుకు అందినట్టు రిసీవర్ సంతకం చేసిన కాగితం) అకౌంట్స్‌లో ఉంది”, “నెలాఖరు అయిపోనీ” అంటూ జరుపుకుంటూ పోయాడు.

నిన్న ఎల్‌ఆర్ (లోడ్‌తో ఇచ్చే లారీ రసీదు), పీఓడీ కాపీలు పట్టుకుని నేనే కంపెనీ గేటు దగ్గరికి వెళ్లాను. సెక్యూరిటీ ఆయన లోపలికి ఫోన్ చేస్తే డిస్పాచ్ ఆఫీసర్ బయటికొచ్చాడు. నా చేతిలోని ఎల్‌ఆర్ తీసుకుని పైన ప్రింటయిన పేరు మీద వేలు పెట్టాడు. అది హైదరాబాద్‌లోని వేరే ట్రాన్స్‌పోర్టర్ పేరు. కింద నా బండి నంబర్ పెన్నుతో రాసి ఉంది. కిరాయి గడిలో టీబీబీ అని ఉంది. “టు బీ బిల్డ్ అంటే వీళ్లు మాకు బిల్లు పెడతారు, మేం వీళ్లకు కడతాం. కట్టేశాం కూడా. మీరు చెప్పే మనిషి మా దగ్గర పనిచేయడు. వెండర్ కోడ్‌కి మేం ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోం” అన్నాడు. అంటే లోడ్ ఆ ట్రాన్స్‌పోర్టర్ నుంచి చేతులు మారి వీడి దాకా వచ్చింది, వీడు దానికి డైరెక్ట్ అని పేరు పెట్టి నాకిచ్చాడు.

గేటు ముందు నుంచే వాడికి ఫోన్ చేశాను. నా డబ్బులు ఎప్పుడిస్తావని అడిగానంతే. “ఎవన్నడిగి గేటు కాడికి పోయినవ్? నా లోడ్ ఖరాబ్ చేసినవ్, డిపాజిట్ గిట్ల ఏం రాదు. ఇంకోసారి బ్యాలెన్స్ అని ఫోన్ చేస్తే టెంపరేచర్ క్లెయిమ్ ఏపిస్తా, బండి అమ్ముకొని కట్టాలె” అన్నాడు.

టెంపరేచర్ క్లెయిమ్ అంటే చల్లదనం తప్పి సరుకు పాడైందని మనల్ని నష్టం కట్టమనడం. డబ్బు పోయినదానికంటే ఈ మాటకే నా ఒళ్లు మండుతోంది. మా డ్రైవర్ లోడింగ్‌కి ముందే బాడీ చల్లబరిచి, 5 దగ్గర సెట్ చేసి, కర్నూలు, అనంతపురం ఎండలో ఎక్కడ ఆగినా డిస్‌ప్లే చూసుకుంటూ తీసుకెళ్లిన సరుకు అది. దారి పొడవునా టెంపరేచర్ నమోదు చేసే లాగర్ ప్రింటవుట్ మీద రిసీవర్ స్టాంపు, సంతకం, టైము ఉన్నాయి. ఎక్కడా 8 దాటలేదు. రాత్రంతా నిద్ర లేకుండా చేసిన పని మీద దొంగ క్లెయిమ్ వేయిస్తానని బెదిరించడానికి నోరెలా వచ్చింది? రీఫర్ వాడికి ఇంతకంటే పెద్ద బెదిరింపు లేదని వాడికి బాగా తెలుసు. మీ లాగర్ ప్రింటవుట్ల ఫోటోలు ఎప్పటికీ డిలీట్ చేయకండి. నన్ను ఇప్పుడు కాపాడేవి అవే.

నిజమైన డైరెక్ట్ పని ఎలా ఉంటుందో ఆ ఆఫీసరే చెప్పాడు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పాన్, క్యాన్సిల్డ్ చెక్, జీపీఎస్, సెన్సర్లు సరిగ్గా చూపుతున్నాయనే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, బాడీ లోపల ఏ మూల ఎంత టెంపరేచర్ ఉంటుందో చూపే మ్యాపింగ్ రిపోర్టు అడుగుతారట. మందుల సరుకుకి చివరి రెండూ లేకపోతే మాట కూడా మొదలు కాదట. అన్నీ కాగితాలే, డబ్బు ఎక్కడా లేదు.

లోడ్ ఎక్కించగానే, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లులో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఎవరిదో చూడండి. అది జీఎస్టీ నంబర్ అయితే జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే పేరు, అడ్రసు వస్తాయి. అక్కడ వేరే ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఉంటే అది డైరెక్ట్ లోడ్ కాదు. మీ బిల్లు కంపెనీ పేరు మీద వెళ్తోందా లేదా అన్నదే అసలు విషయం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సంస్థకు ఒప్పందం ఏదైనా 45 రోజుల్లోపు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది, దాటితే వడ్డీ కూడా వస్తుంది. కానీ బిల్లే కంపెనీకి పోకపోతే ఆ కంపెనీని ఏమని అడుగుతాం?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డిపాజిట్ కంపెనీ ఖాతాకు కాదు, ఏదో ట్రేడర్స్ పేరున్న ఖాతాకు వేయించుకున్నాడు. మీలో ఎవరైనా అలాగే కట్టి ఉంటే రసీదు, వాడి మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచిపెట్టి నాకు ఫోన్ చేయండి. ఎల్లుండి పొద్దున జడ్చర్ల పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను, కలిసి ఫిర్యాదు ఇద్దాం.