బ్రాడీపేటలో రెండు ఆదివారాల తరగతి: ప్రాణం నిలిపి నిజం రాబట్టడం గురించి

గుంటూరు బ్రాడీపేటలోని ఒక న్యాయశాస్త్ర శిక్షణ కేంద్రం, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్నవారి కోసం నేరాంగీకారాలపై రెండు ఆదివారాలు ప్రత్యేక తరగతులు పెట్టింది. వరుస హత్యల కేసుల్లో మరణశిక్ష కోరబోమని మాట ఇచ్చి నిజం చెప్పించుకోవడం కూడా పాఠంలో ఉందని తెలిసి, క్రిమినల్ కేసులు వాదించుకునే నేను కూడా ఫీజు కట్టి కూర్చున్నాను.

మొదటి ఆదివారం పాఠం చాలా బాగా సాగింది. బోధకురాలు బోర్డు మీద ఒక పక్క 7, మరో పక్క 48 అని రాసి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వరుస హత్యల నిందితుడు గ్యారీ రిడ్జ్‌వేపై ప్రాసిక్యూషన్ మోపగలిగిన హత్యలు మొదటివనీ, 2003 నవంబరులో అతడు కోర్టులో ఒప్పుకున్నవి రెండోవనీ చెప్పారు. మరణశిక్ష విషయంలో బేరమే ఉండదని మొదట ప్రకటించిన కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటర్ నార్మ్ మాలెంగ్ ఆ తర్వాత మనసు మార్చుకున్నది, ఆ రెండు అంకెల మధ్య మిగిలిపోయిన 41 హత్యలకు జవాబు దొరికే దారి మరొకటి కనబడకనే. బిడ్డ ఏమైందో తెలియక ఇరవై ఏళ్లు ఎదురుచూసిన తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే ఆయన చేసింది సరైన పనేనని నేను నమ్ముతున్నాను. పోలీసులు రిడ్జ్‌వే మాటనే ప్రమాణంగా తీసుకోకుండా, అతడు చెప్పిన చోట్లకు వెంటబెట్టుకుని వెళ్లి సరిచూసుకున్నారన్న విషయాన్ని ఆమె మరీ మరీ చెప్పారు. ఇలాంటి ఒప్పందం కౌంటీ పొలిమేర దాటదనడానికి, అదే రాష్ట్రంలోని స్పోకేన్ కౌంటీలో 2000లో 13 హత్యలు ఒప్పుకుని ప్రాణం దక్కించుకున్న రాబర్ట్ యేట్స్‌కు 2002లో పియర్స్ కౌంటీలో వేరే హత్యలకు మరణశిక్ష పడిన ఉదాహరణ కూడా ఇచ్చారు.

రెండో ఆదివారం మాత్రం నిరాశ మిగిల్చింది. మన చట్టంలో 2006 నుంచి అమల్లో ఉన్న ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరం కుదుర్చుకోవడం) ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు వర్తించదనీ, కాబట్టి హత్య కేసులో ఆ ప్రసక్తే రాదనీ చెప్పి అరగంటలో ముగించారు. అధికారంలో ఉన్నవారు ఆశ చూపి రాబట్టిన నేరాంగీకారం భారతీయ సాక్ష్య అధినియమం 22వ సెక్షను ప్రకారం చెల్లదని ఒక్క వాక్యంలో దాటేశారు. పాఠానికి ప్రాణం అక్కడే ఉంది. నోయిడా దగ్గరి నిఠారీలో పిల్లల వరుస హత్యల కేసుల్లో, దాదాపు 60 రోజుల పోలీసు కస్టడీ తర్వాత నమోదైన నేరాంగీకారాన్ని నమ్మలేమని అలహాబాద్ హైకోర్టు 2023 అక్టోబరులో మరణశిక్షలను రద్దు చేసింది. ఉరి భయం ఉన్నచోట మనిషి చేయనిది కూడా ఒప్పుకోగలడన్న సంగతిని ఆ తీర్పుతో కలిపి చూస్తేనే రిడ్జ్‌వే ఒప్పందంలోని జాగ్రత్తలకు అర్థం తెలుస్తుంది. నేను వాదించిన ఒక కేసులో ముగ్గురు నిందితుల ఒప్పుకోళ్లు ఉన్న మధ్యవర్తుల నామాలు (సాక్షుల ఎదుట పోలీసులు రాసే పంచనామాలు) మూడూ ఒకే వాక్యాలతో, ఒకే అక్షరదోషంతో టైపు చేసి ఉన్నాయి. అలాంటి కాగితాల మీద ప్రాణానికి బేరం కుదరడాన్ని నేను ఊహించలేను.

గది రెండో అంతస్తులో ఉంది, వెనక వరుసకు మాట సరిగా వినబడదు. ఇచ్చిన నోట్సు మాత్రం శ్రద్ధగా తయారు చేశారు, ఫీజుకు న్యాయం జరిగింది. వచ్చే బ్యాచ్‌లో భారత చట్టానికి ఒక పూట పూర్తిగా కేటాయించమని అడిగి, నిఠారీ తీర్పు ప్రతిని బోధకురాలి చేతికి ఇచ్చి వచ్చాను.