‘వాసా’ ఓడ స్మారక చిత్రం, అసలు చెక్కముక్కతో సహా అంటున్నారు... కొనకండి

కాకినాడ, యానాం, అమలాపురం వైపు పాత ఓడల బొమ్మలు, నమూనాలు సేకరించే వాళ్లందరూ ఒకసారి ఇది చదవండి. ఇన్‌స్టాలో ఒక పేజీ వాళ్లు ‘వాసా యుద్ధనౌకను పైకి తీసిన స్మారక చిత్రం, 500 కాపీలే, ఆర్టిస్టు సంతకంతో, ఓడలోని అసలు ఓక్ చెక్కముక్కతో’ అని ₹6,800కి అమ్ముతున్నారు. (వాసా అంటే 1628లో మునిగిపోతే 1961లో పైకి తీసిన స్వీడన్ యుద్ధనౌక.) అడ్వాన్సు కట్టినవాళ్లుంటే మిగతా డబ్బు ఆపేయండి.

నాకొచ్చిన కాపీ మీద 112/500 అని ఉంది. నరసాపురంలో మా తోడల్లుడు కూడా తెప్పించుకున్నాడు. ఆయనదీ 112/500 యే! పెన్సిల్ సంతకం అన్నారు కదా అని రబ్బరు పెట్టి రుద్దితే చెక్కుచెదరలేదు. భూతద్దంలో చూస్తే ఆ గీతంతా రంగురంగుల చుక్కలు. బొమ్మతో పాటే సంతకాన్నీ ప్రింటు కొట్టేశారన్నమాట.

ఇక బొమ్మ. తెరచాపలన్నీ విప్పుకుని, మూడు కొయ్యలూ నిటారుగా, ముందు బంగారు సింహంతో, రెండు వరసల కిటికీల్లోంచీ ఫిరంగులు చాపుకుని ఓడ నీళ్లలోంచి లేస్తోంది. కింద ‘24 ఏప్రిల్ 1961, స్టాక్‌హోమ్’. క్యాలెండరుకైతే బాగుంటుంది లెండి. ఆ తేదీన పైకొచ్చిన ఓడ మాత్రం ఇలా లేదు. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే, గట్టిగా కిలోమీటరున్నర కూడా పోకుండా ఒరిగి మునిగిందది. మోసుకెళ్లిన ఫిరంగులు 64. వాటిలో చాలా వాటిని 1660ల్లోనే గంటలాంటి తొట్టెలో మనుషుల్ని దింపి లాగేశారు. ఓడను తీసేనాటికి మిగిలినవి మూడే. ముక్కు భాగం ఎప్పుడో ఊడి, శిల్పాలు బురదలో పడిపోయాయి. వాటిని తర్వాత డైవర్లు వెతికి తీశారు. బయటికొచ్చింది కొయ్యల్లేని నల్లటి మొండెం.

తీసిన పద్ధతి చూపించినా కొంత సరిపెట్టుకునేవాణ్ణి. డైవర్లు ఓడ అడుగున సొరంగాలు తవ్వి, ఉక్కు తాళ్లు దూర్చి, రెండు పెద్ద పాంటూన్లకు, అంటే నీళ్ల మీద తేలే తొట్లకు, కట్టారు. 1959లో 18 విడతలుగా లేపుతూ 32 మీటర్ల లోతు నుంచి 16 మీటర్లకు జరిపారు. బొమ్మలో తాడూ లేదు, పాంటూనూ లేదు. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు, ఇనప తాళ్లతో ఎంత కష్టపడి లాగిందో టీవీలో చూసినవాళ్లం. మనకే ఇది అమ్మాలని చూశాడు చూడండి!

చెక్కముక్క అన్నిటికంటే ఘోరం. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, లేత గోధుమ రంగు. పాతదిలా కనపడాలని సన్నసన్న చిల్లులు. తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రి ఒకాయనకు చూపిస్తే అంచు కొంచెం గీకి వాసన చూశాడు. ‘టేకండీ బాబూ. మా షెడ్డులో ఊడ్చి పోసే రకం. ఈ చిల్లులు పురుగువి కావు, డ్రిల్లువి. అన్నీ ఒకటే సైజు.’ ఆయన చెప్పకపోయినా ఆ చిల్లులే వాణ్ణి పట్టిస్తాయి. మన ఉప్పుటేర్లలో పడవ చెక్కను తొలిచేసే పురుగు, ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్లలో బతకదు. వాసా 333 ఏళ్లు నిలబడిందే అందువల్ల. పైకి తీశాక కూడా చెక్క చీలిపోకుండా 17 ఏళ్లపాటు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం చల్లారు. అంత కష్టపడి కాపాడి మ్యూజియంలో పెట్టిన ఓడను, స్వీడన్ ప్రభుత్వ ఆస్తిని, ముక్కలు చేసి రాజమండ్రి కొరియర్‌కి ఎవరిస్తారండీ?

వాట్సాప్‌లో నిలదీస్తే బొమ్మ గురించి ‘ఆర్టిస్టు ఊహ సార్’ అన్నాడు. చెక్క సంగతి ఎత్తగానే బ్లాక్ చేశాడు. కవరు మీద అడ్రసు లేదు, ఉన్న ఫోను స్విచాఫ్. సైబర్ మోసాల నంబరు 1930కి, వినియోగదారుల నంబరు 1915కి రెండింటికీ ఫిర్యాదు చేశాను. మీరూ మోసపోయి ఉంటే యూపీఐ రసీదు, ప్యాకెట్ విప్పిన వీడియో, కాపీ నంబరు ఫొటో దాచుకుని ఫిర్యాదు చేయండి. మీ నంబరు కూడా 112 అయితే నాకు తప్పకుండా మెసేజ్ పెట్టండి, ముగ్గురం కలిసి రాస్తే బలంగా ఉంటుంది.

ఇంకో మాట. అదే ఫొటో బ్యాక్‌గ్రౌండు, అదే రాతతో కొత్త పేజీ ఒకటి మొదలైంది. ఈసారి 1982 అక్టోబరు 11న ఇంగ్లండులో పోర్ట్స్‌మౌత్ దగ్గర నీళ్లలోంచి తీసిన పాత యుద్ధనౌక ‘మేరీ రోజ్’ అట. ఆ ఓడ దాదాపు సగమే మిగిలింది, కుడివైపు భాగం. వాడి బొమ్మలో రెండు వైపులూ నిక్షేపంగా ఉన్నాయి.