విలోమ వర్గానుపాత లెక్కలకు లబ్ధం పద్ధతి: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఒక రాశి మరొక రాశి వర్గానికి విలోమానుపాతంలో ఉండే లెక్కలను తొమ్మిదేళ్లుగా ఒకే పద్ధతిలో చేయిస్తున్నాను. మొదటి రాశిని రెండో దాని వర్గంతో గుణించి, ఆ లబ్ధం మారదని పేజీ పైన రాసుకున్న తర్వాతే లెక్క మొదలుపెట్టాలి.

ఎక్స్ 3 అయినప్పుడు వై 20 అయితే, ఎక్స్ 6 అయినప్పుడు వై ఎంత? విలోమానుపాతం అప్పటికే నేర్చుకున్నారు కనుక, "రెట్టింపయితే సగమే కదండీ" అంటూ చాలామంది తడుముకోకుండా 10 అని చెబుతారు. లబ్ధం రాయిస్తే 20 × 9 = 180, దాన్ని 36తో భాగిస్తే 5. నిష్పత్తులు రాసేటప్పుడు ఏది పైన, ఏది కింద అన్న తికమకలో పోయే మార్కులు ఇందులో పోవు. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం అదే.

అయితే వై 45 అని ఇచ్చి ఎక్స్ అడిగితే, 180ని 45తో భాగించగా వచ్చిన 4నే జవాబుగా రాసి పెన్ను కింద పెట్టేస్తారు. అది ఎక్స్ వర్గం. వర్గమూలం తీస్తే 2, ఎక్స్ దూరం కాక ఉత్త సంఖ్యే అయితే −2 కూడా. అందుకే ప్రతి వరుసలోనూ ఎడమ పక్కన ‘ఎక్స్²’ అని రాయాల్సిందేనని పట్టుబడతాను.

శాతాల లెక్కల్లో మాత్రం నిష్పత్తే మేలు. ఎక్స్ 25 శాతం పెరిగితే వై 4/5 వర్గం, అంటే 16/25 వంతు అవుతుంది. తగ్గుదల 36 శాతం. బాగా చదివే పిల్లలు కూడా 50 అని రాయడం చూశాను. ఇక్కడ లబ్ధమే పట్టుకుంటే 125 వర్గం 15,625 అంటూ సమయం వృథా అవుతుంది.

వర్గమే ఎందుకన్న ప్రశ్నకు ఈ పద్ధతిలో జవాబు లేదు. దానికి అట్టముక్కలో రెండంగుళాల చతురస్రం కోసి, ఫోను లైటుకు అడుగు దూరంలో నిలబెట్టిస్తాను. లైటు నుంచి రెండడుగుల దూరంలో గోడ ఉంటే వెలుగు నాలుగంగుళాల చతురస్రంగా, మూడడుగులయితే ఆరంగుళాలుగా పడుతుంది. రంధ్రం వైశాల్యం 4 చదరపు అంగుళాలు, గోడ మీద 36. అదే వెలుగు తొమ్మిది రెట్ల మేర పరుచుకుంది. పిల్లలు గీసిన పెన్సిలు గీతలు వరండా గోడ మీద ఇంకా ఉన్నాయి, సున్నం వేయించలేదు.

పదో తరగతి వాళ్లకు చివరిగా చందమామ లెక్క ఇస్తాను. భూకేంద్రం నుంచి చంద్రుడి దూరం భూవ్యాసార్ధానికి దాదాపు 60 రెట్లు కనుక, భూమి మీది గురుత్వ త్వరణం 9.8ని 60 వర్గం 3,600తో భాగిస్తే, చంద్రుడి దగ్గర సెకను వర్గానికి సుమారు 0.0027 మీటర్ల త్వరణం వస్తుంది. 1687లో న్యూటన్ ప్రకటించిన గురుత్వాకర్షణ నియమాన్ని పిల్లలు అలా తమ నోటుపుస్తకంలో తామే వాడి చూస్తారు.