కరిచే పిల్లికి ఈకల కర్ర: తిరుపతి పెట్ షాపుల్లో దొరికే సరుకు మీద రివ్యూ

"పిల్లి ఉన్నట్టుండి మీద పడి కరస్తా ఉండాది అన్నా, ఏమన్నా ఉంటే ఇయ్యి" అని పెట్ షాపులో అడిగితే కౌంటర్ మీదికి మామూలుగా వచ్చేవి నాలుగు: ఈకలు కట్టిన కర్ర, లేజర్ లైటు, క్యాట్‌నిప్ (పిల్లులకు మత్తెక్కించే ఆకు) పొట్లం, ప్లగ్గులో పెట్టే ఫెరమోన్ డిఫ్యూజర్ (పిల్లిని శాంతపరిచే వాసన గదిలోకి వదిలేది). వీటిలో డబ్బు పెట్టదగినది మొదటిదే. అదీ అన్ని పిల్లులకూ కాదు. ఎందుకు కరుస్తోందో చూడకుండా కొంటే కర్ర కూడా నాలుగు రోజులకు బీరువా మీదికి చేరుతుంది.

ఈకల కర్ర పనికొచ్చేది ఆటకు కరిచే పిల్లికి. గుర్తుపట్టడం తేలిక. ఎక్కువగా రెండేళ్ల లోపుది, ఇంట్లో తోడు లేనిది, పగలంతా తలుపులు వేసి ఉండే ఫ్లాట్‌లో పెరిగేది. సోఫా కిందో తలుపు చాటునో నక్కుతుంది, నడుము కింది భాగాన్ని రెండుసార్లు అటూ ఇటూ ఊపుతుంది, మడమ కదలగానే దూకుతుంది. బుస కొట్టదు, అరవదు. ముందరి కాళ్లతో పిక్కను వాటేసుకుని, వెనక కాళ్లతో తన్నుతూ పళ్లు దింపుతుంది. తెల్లవారుజామున, పొద్దు వాలే వేళ ఈ వేషాలు ఎక్కువ. మీ మీద దానికి కోపమేమీ లేదు. వేటకు పుట్టిన జంతువుకు ఇంట్లో ఎలుక దొరకలేదు, కదిలేది మీ పాదమొక్కటే. పన్నెండు వారాలు నిండకముందే తల్లి దగ్గర నుంచి ఎత్తుకొచ్చిన కూనలైతే మరీ దురుసు. తోడు కూనను గట్టిగా కరిస్తే అది కీచుమని ఆట మానేస్తుంది. పళ్లు ఎంతవరకు దింపాలో కూనలు నేర్చుకునేది అక్కడే. దానికి తోడు చిన్నప్పుడు ముద్దుగా వేళ్లు ఆడించి ఆడించామంటే, చెయ్యంటే కరవాల్సిన వస్తువని మనమే నేర్పినట్టు.

కర్రలు రెండు రకాలు వస్తాయి. మూరెడు ప్లాస్టిక్ పుల్లకు కొసన నేరుగా ఈకలు అంటించినది చవక. దాన్ని కొనొద్దు. పిల్లి దూకిన ప్రతిసారీ పంజాకు ఈకల బదులు వేళ్లు దొరుకుతాయి. రెండోది గాలం కర్రలా సాగేది: ముడిస్తే అడుగున్నర, లాగితే మూడడుగులు, కొసన ఇంకో మూడడుగుల దారం, దారానికి చిన్న కొక్కెం, దానికి ఈకల గుత్తి. రెండు మూడు వందల్లో వస్తుంది. తీసుకునే ముందు షాపులోనే కర్ర మొనను పట్టుకుని దారాన్ని గట్టిగా లాగి చూడండి. ఎక్కువ కర్రలు పాడయ్యేది ఇక్కడే, గమ్ముతో అతికించి వదిలేసి ఉంటారు. కొక్కెం తనంతట తాను తిరగాలి, లేకపోతే దారం మెలిపడి రెండో రోజుకే ముడులు పడుతుంది. ఈకల మొదట్లో బిగించిన సన్న తీగ కొస బయటికి పొడుచుకొచ్చి ఉంటే పక్కన పెట్టేయండి, పిల్లి నోరు చీరుకుంటుంది. గజ్జె ఉంటే ఇంటికి రాగానే కత్తిరించి పారేయడమే, అది ఊడితే మింగేది పిల్లే. ఈకలు కొద్ది వారాల్లోనే రాలిపోతాయి. గుత్తి విడిగా కొననక్కర్లేదు, పాత నూలు చీర అంచును జానెడు చించి కొక్కేనికి ముడేస్తే పిల్లికి తేడా తెలియదు.

కర్ర కొన్నవాళ్లలో చాలామంది తప్పు చేసేది ఆడించడంలో. ఈకల్ని పిల్లి మొహం ముందు ఆడిస్తారు. ఏ ఎలుకా పిల్లి మూతి దగ్గరికి వచ్చి గంతులేయదు. గుత్తిని నేల మీద, గోడ వారగా, పిల్లికి దూరంగా లాగాలి. ఆపాలి. తలుపు చాటుకు పోనివ్వాలి, కొస ఒక్కటే కాస్త కదపాలి. పిల్లి కళ్లు పెద్దవై ఒళ్లు నేలకు అదుముకుందంటే ఆట అందుకుంది. నాలుగైదు పరుగులకు ఒకసారి దొరకనివ్వండి, పట్టుకున్నాక వెంటనే లాక్కోకండి, కాసేపు కొరకనివ్వండి. పది పదిహేను నిమిషాలు చాలు. చివరి రెండు మూడు నిమిషాలు వేగం తగ్గిస్తూ, దెబ్బ తిన్న ఎలుకలా ఈడ్చి, ఆఖరి పట్టు దానికే వదిలేసి, వెంటనే గిన్నెలో తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: దాని వరస అది. పొద్దున ఒకసారి, రాత్రి భోజనాల ముందు ఒకసారి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో ఆడించొద్దు. నోరు తెరిచి రొప్పుతుంటే ఏ వేళైనా ఆపేయండి. ఆట మధ్యలో కాలు పట్టుకుంటే కాలు విదిలించకండి, అరవకండి. పారిపోయేదాన్నే అది ఇంకా గట్టిగా పడుతుంది. కదలకుండా నిలబడి, ఈకల్ని దూరంగా కదిపితే వదిలేస్తుంది.

ఆట అయ్యాక కర్ర బీరువాలోకి వెళ్లాలి. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి కాబట్టి నోట్లో పడిన దారం లోపలికే పోతుంది. ఒక కొస ఎక్కడైనా చిక్కుకుంటే పేగు, నాడా బిగించిన లంగా కుచ్చుల్లా ముడుచుకుని కోసుకుపోతుంది. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ ఒక్క ప్రమాదం లేకపోతే ఈ వస్తువుకు ఐదుకు ఐదు. ఉంది కాబట్టి నాలుగు.

లేజర్ లైటుకు ఒకటి. చుక్క వెంట పిల్లి ఎంత పరిగెత్తినా పంజాకు ఏమీ చిక్కదు, ఆ ఉడుకుమోత్తనం చివరికి మీ కాలి మీదే తీరుతుంది. కంట్లో పడితే కన్నుకు హాని.

క్యాట్‌నిప్ దాదాపు మూడింట రెండొంతుల పిల్లులకే పట్టుతుంది, చిన్న కూనలకు పట్టదు. పట్టినా పది నిమిషాల ముచ్చటే. కొన్ని ఆ మత్తులో ఇంకా దురుసుగా కరుస్తాయి. మన ప్రహరీ గోడల వారన మొలిచే కుప్పింటాకు, చిత్తూరు వైపు తమిళం మాట్లాడేవాళ్లు కుప్పైమేని అనేది, దాని వేరుకూ పిల్లులు ఇలాగే ఎగబడతాయి. అలాగని పీకి తినిపించొద్దు.

డిఫ్యూజర్ ఒక రీఫిల్‌తో దాదాపు నెల నడుస్తుంది, 50 నుంచి 70 చదరపు మీటర్లకు చాలుతుందంటారు. పరిశోధనల్లో ఫలితాలు కలగాపులగంగానే ఉన్నాయి. కిటికీలు బార్లా తీసి, ఫ్యాన్లు తిరిగే మన ఇళ్లలో ఇంకా తక్కువే ఆశించాలి. భయంతో నక్కే పిల్లికి ఏమైనా ఊరటేమో గానీ, ఆటకు కరిచేదానికి దండగ. నీళ్లు చిమ్మే స్ప్రే సీసా ఊసే వద్దు, పిల్లి నేర్చుకునేది మిమ్మల్ని చూసి భయపడటం ఒక్కటే.

ఇక కర్ర ముట్టుకోకూడని సందర్భం. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, పిల్లి కిటికీ గ్రిల్ దగ్గర కూర్చుని ఎదురు గోడ మీద ఊరపిల్లిని చూసింది. తోక కుంచెలా ఉబ్బింది, గొంతులో గుర్రు. దాన్ని అందుకోలేదు. పాపం అని వెనక నుంచి ఎత్తుకోబోయిన మనిషి మీద విరుచుకుపడింది. ఉన్నట్టుండి కరిచిందని చెప్పే వాటిలో బాగా లోతుగా దిగేవి ఇవే. ఎత్తొద్దు, బుజ్జగించొద్దు, ఆడించొద్దు. లైటు ఆర్పి, నీళ్లు, తిండి, ఇసుక ట్రే ఆ గదిలోనే ఉంచి తలుపు మూసేయండి. చల్లబడటానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు. ఇలాంటి పిల్లి ఉన్నవాళ్లు పెట్ షాపుకు కాదు, అద్దాల షాపుకు వెళ్లాలి: కిటికీ కింది సగానికి మసక ఫిల్మ్ అంటిస్తే బయటి పిల్లి కనబడదు.

నిమురుతుండగా కరిచేది ఇంకో రకం. తోక కొస టపటపలాడినా, వీపు చర్మం అలలా కదిలినా, చెవులు వెనక్కి వాలినా చెయ్యి తీసేయండి, అంతే.

ఏళ్ల తరబడి సాధువులా ఉన్న పిల్లి ఈ మధ్యే కరవడం మొదలుపెడితే ఏ సరుకూ కొనకండి. పుచ్చిన పన్ను, కీళ్ల నొప్పి, పోట్లాటలో చర్మం కింద పట్టిన చీము, ముసలి పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువ కావడం, అన్నీ పైకి కోపంలాగే కనబడతాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాలేజీ ఆసుపత్రి ఉంది, చిత్తూరులో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. వెళ్లే ముందు ఇంట్లో అది నడిచే తీరు, గెంతే తీరు ఫోన్‌లో తీసుకెళ్లండి. ఆసుపత్రి బల్ల మీద పిల్లి బిగుసుకుపోతుంది, కుంటిదో కాదో డాక్టరుకు తెలియదు.

పిల్లి కాటు పైకి రెండు చుక్కలే, లోపల సూది దిగినంత లోతు. పసుపు, సున్నం, కాఫీ పొడి ఏదీ అద్దకుండా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఇంటి పిల్లే కదా అని ఆగొద్దు, తిరుపతి రుయాలాంటి ప్రభుత్వాసుపత్రిలో రేబీస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ధనుర్వాతం టీకా సంగతీ అక్కడే అడగండి. మర్నాటికల్లా చెయ్యి ఎర్రగా వాచి సలుపుతుంటే కాటులో సూక్ష్మజీవులు దిగినట్టు. వేలి కీలు దగ్గరైతే పొద్దుటిదాకా ఆగకుండా ఆ రాత్రికే వెళ్లాలి.